కొలంబస్ తిన్న కేసరిబాత్

కొలంబస్ ఓడెక్కి ఐదొందల ఏండ్లయిందని ఆ ఏడు టీవీలో ఒకటే చూపించినారు. పుంగనూరులో అంగడి మూసి ఇంటికొచ్చిన మునిరాజ అది చూసి పడీపడీ నవ్వినాడు.

“సూడు సుధా! బంగారం కోసరం ఇండియాకని బయల్దేరి ఇంగేడనో దిగినాడంట. సచ్చేదాకా ఇదే ఇండియా అన్నాడంట. ఇట్లాంటోడు యాడన్నా ఉంటాడా?”

“ఉండాడు,” అనింది పెండ్లాం, నానబెట్టిన అనపగింజల పొట్టు పితుకుతా. “కలకడలో పిల్లను చూసేదానికని బయల్దేరి, తప్పు బస్సెక్కి మా ఊరు సోమలలో దిగినాడు. ఇంకో పెండ్లికొడుకు కోసరం మాయమ్మ చేసిన కేసరిబాత్ తినేసినాడు.”

“అయితేనేం? నిన్ను కనిపెట్టింది నేనే కదా!” మునిరాజ మీసం దువ్వినాడు.

అంతలో టీవీలో ఇంకో మాట చెప్పినారు. ఆయన దిగిన దీవి జనం నీళ్లూ తిండీ తెచ్చి పెడితే, కొలంబస్ మాత్రం వీళ్లు నౌకర్లుగా బాగా పనికొస్తారని రాసుకున్నాడంట. తర్వాత వాళ్లనే బంగారం తవ్వేదానికి తోలినాడంట.

“థూ! తిండి పెట్టినోళ్లను సూసి అనే మాటేనా అది?” మునిరాజకు నిజంగానే కోపమొచ్చింది.

సుధ తలెత్తింది. “కేసరిబాత్ తిని మా నాయనతో నువ్వేమంటివి? ‘పిల్ల పనిమంతురాలి మాదిరుండాది, అంగట్లో ఇంగ జీతగాడు అక్కర్లేదు’ అనలేదా?”

మునిరాజ లేచి టీవీ ఆపినాడు. వచ్చి ఆమె పక్కన కూచుని, గిన్నెలోంచి ఒక గింజ తీసి పితికినాడు. అది ఎగిరి నేరుగా మీసానికి తగిలింది.

“ఇప్పటికి తెలిసిందా,” అనింది సుధ, “యాడ దిగినావో?”