జూలీ క్రమశిక్షణ

అనకాపల్లి స్టేషన్లో రెండో ప్లాట్‌ఫారం బెంచీ కింద సంచి అరగంట నుంచీ ఉంది. నీలంరంగు ప్లాస్టిక్ సంచి. మూతి తాడుతో బిగించి కట్టి ఉంది. ఎవరిని అడిగినా నాది కాదన్నారు.

ముంబై దాడులు జరిగి అప్పటికి పది రోజులు. బాంబులు విప్పేవాళ్ళు విశాఖ నుంచి రావాలి, గంటన్నర పడుతుందన్నారు. పాసింజరు మాత్రం ఇరవై నిమిషాల్లో వచ్చేస్తుంది. ఎస్సై శాంతికుమార్ కానిస్టేబుల్ సింహాచలానికి కబురు పెట్టాడు.

సింహాచలం పోలీసు కుక్క జూలీని పట్టుకుని వచ్చాడు. బాంబుంటే జూలీ దాని ముందు కూర్చుంటుంది, లేకపోతే సాగిపోతుంది. ఆ సంగతి టీ కొట్టు మరిడమ్మకి ఎస్సై విడమరిచి చెప్పాడు.

జూలీ సంచి చుట్టూ ఒకసారి తిరిగింది. కూర్చోలేదు. తోక ఊపుకుంటూ ముందుకు పోయింది.

"ఏటీ లేదు. తీసెయ్యండి," అన్నాడు ఎస్సై.

సింహాచలం జూలీని దూరంగా తీసుకెళ్ళి స్తంభానికి కట్టేశాడు. డిసెంబరు చలిలోనూ అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"జనాన్ని ఇంకా ఎనక్కి పంపండి సార్. నేనే ఇప్పుతాను. మీరూ ఎల్లిపోండి."

"నీ కుక్క మీద నీకే నమ్మకం లేదేటి?" అని ఎస్సై నవ్వాడు. నవ్వుతూనే వంతెన మెట్ల దాకా వెళ్ళి నిలబడ్డాడు.

సింహాచలం ఒక్కడే బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆడపిల్లలిద్దరూ ఈపాటికి బడిలో ఉంటారనుకున్నాడు. ముడి మీద వేళ్ళు రెండుసార్లు జారాయి. మూడోసారి ఊడింది.

లోపల ఎండు నెత్తళ్ళు. ప్లాట్‌ఫారమంతా ముక్కు మూసుకుంది.

రాంబిల్లి దేముడమ్మ టిక్కెట్ల వరసలోంచి పరిగెత్తుకొచ్చి, మనిషి అలా వెళ్ళేసరికి సంచి విప్పేస్తారా అని అందరినీ దులిపేసింది.

తిరిగి వెళ్తూ జూలీ ఆ తెరిచిన సంచిని రాసుకుంటూ నడిచింది. ఆగలేదు, అటు చూడనైనా లేదు.

"సూసేవా మరిడమ్మా? ఎండు సేపలకి కూడా లొంగలేదు. ట్రైనింగంటే అదీ," అన్నాడు ఎస్సై. మరిడమ్మ జూలీకి రెండు బిస్కెట్లు పెట్టింది. ఎస్సై దాని పేరు పతకానికి సిఫారసు చేస్తానన్నాడు.

ఆ సాయంత్రం సింహాచలం, ఇంకో కుక్కని పంపమంటూ పై ఆఫీసుకి అయిదో అర్జీ రాశాడు: వేసవిలో జబ్బు చేసి లేచినప్పటి నుంచి జూలీకి వాసనే తెలియడం లేదు.