చివరి వరుసలో మల్లమ్మ

“బండ్లు కదిలితే తప్ప మా కొట్లు బతకవు మేడమ్. ఇది నా ఒక్కని మాట కాదు.”

అలా అని ఇంద్రసేనయ్య కూర్చున్నాడు. ఆదోని పాత బజారులో మూడు తరాల బట్టల కొట్టు ఆయనది. వర్తక సంఘానికి అధ్యక్షుడు కూడా. ఆయన కూర్చోగానే ఎదుటి వరుసలోంచి నరసన్న లేచాడు. తోపుడు బండి మీద గాజులు, పిన్నీసులు అమ్ముకునే మనిషి. బండ్లవాళ్లందరి తరఫునా వచ్చాడు.

“యాడికి కదలాలప్పా? ఊరి బయట నిలబడితే మా దగ్గరికి ఎవరొస్తారు?”

మునిసిపాలిటీలో ప్రణాళికల పని చూసే త్రివేణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బజారులో ఇప్పటికే పదకొండు కొట్లు మూతపడ్డాయి. దాన్ని బాగుచేయడానికి నిధులు వస్తాయి గానీ ఒక షరతు ఉంది. వర్తకులు, బండ్లవాళ్లు, సరుకులకు వచ్చే పల్లె జనం కలిసి ఒకే ప్రణాళిక మీద సంతకం పెట్టాలి. గడువు నాలుగు మంగళవారాలు. అది దాటితే డబ్బు మరో ఊరికి పోతుంది. మొదటి మంగళవారమే ఇలా తగువుతో మొదలైంది.

కౌతాళం, హొళగుంద వైపు పొదుపు సంఘాలకు, పల్లె జనం తరఫున ఎవరినైనా పంపమని త్రివేణి ఉత్తరాలు రాసింది. మునిసిపల్ హాల్లో చివరి వరుసలో, తలుపు పక్కన, కాళ్ల దగ్గర సంచి పెట్టుకుని ఒకే ఒక్క పల్లెటూరి ఆడమనిషి కూర్చుని ఉంది. ఒక్కరైనా వచ్చారు, అదే పదివేలనుకుంది త్రివేణి.

“అమ్మా, మీ పేరు?”

“నన్నా? మల్లమ్మ. కౌతాళం పక్కన.”

“మీరు చెప్పండి మల్లమ్మగారూ. ఈ బజారుకు ఎందుకొస్తారు?”

మల్లమ్మ కొంగు సర్దుకుంటూ లేచింది. అందరూ వెనక్కి తిరిగేసరికి కాస్త తడబడింది.

“గాజులకని వస్తాం తల్లీ. బండికాడ నిలబడి రంగు ఏరుకుంటాం. ఆ రంగుకు చీరె ఉంటే బాగుండు అనిపిస్తాది. అప్పుడు ఈ సావుకారి కొట్టు ఎక్కుతాం. బండ్లే లేకపోతే ఈ పక్కకే రాము. ఎమ్మిగనూరికి పోతాం.”

త్రివేణి ఆమెకు ధన్యవాదాలు చెప్పేలోపే మల్లమ్మ సంచి ఎత్తుకుని వెళ్లిపోయింది. పొగడ్తకు నిలవని మనిషి అనుకుంది త్రివేణి.

రెండో మంగళవారం మల్లమ్మ అదే కుర్చీలో ఉంది. కాగితాల మీద గీతలు చాలించి ఒకసారి బజారు నడిచి చూద్దామని త్రివేణి అంది.

“మీరే ముందు నడవండమ్మా. మేము మీ వెనక వస్తాం.”

మల్లమ్మ ఒకసారి బయటికి తొంగి చూసి, సరేనంది. బట్టల కొట్టు ముందు ఆగి, నెత్తిమీది సంచి దించి ఇంద్రసేనయ్య చేతుల్లో పెట్టింది.

“ఇది పట్టుకొని మీ మెట్లు ఎక్కి చూడప్పా.”

కొట్టు ముందు మురుగుకాలువ మీద కట్టిన మెట్లు నిలువుగా ఉన్నాయి. సంచితో ఇంద్రసేనయ్య రెండో మెట్టు దగ్గరే తూలాడు. నరసన్న పరుగున వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఇంద్రసేనయ్య సంచి దించి ఆ మెట్లను చూశాడు.

“నలభై ఏండ్లుగా లోపల గద్దె మీద కూసోని, జనం ఎందుకు రావడం లేదా అనుకుంటాండాను,” అన్నాడు.

మూడో మంగళవారం హాల్లో అరుపులు లేవు. ఆడవాళ్లకు బజారులో మరుగుదొడ్డి లేదని మల్లమ్మ చెప్పింది. పొద్దున ఊళ్లో బయల్దేరితే మళ్లీ ఇల్లు చేరేదాకా చుక్క నీళ్లయినా తాగకుండా ఉంటామని అంది. తల వంచుకుని విన్న ఇంద్రసేనయ్య, కొట్టు వెనకున్న తన పాత గోదాము స్థలాన్ని దానికి ఇస్తానన్నాడు. కొట్ల గుమ్మాలకు అడ్డం రాకుండా బండ్లన్నీ ఒకే వరుసలో నిలుపుతామని నరసన్న మాటిచ్చాడు. నాలుగు వారాల్లో తేలదనుకున్నది మూడో వారంలోనే తేలిపోయింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పటం మీద బండ్ల చోట్లకు గుర్తులు పెడుతుంటే, త్రివేణికి కళ్లు చెమర్చాయి.

నాలుగో మంగళవారం సంతకాలు. ఏటవాలు మెట్లు, బండ్ల వరుస, మరుగుదొడ్డి, మంచినీళ్లు అన్నీ పటంలోకి ఎక్కాయి. సంతకం చేశాక ఇంద్రసేనయ్య లేచి, చివరి వరుసలో ఉన్న మల్లమ్మ వైపు తిరిగాడు.

“మేమంతా మాకు కావాల్సింది మేము అడిగినాం. నాలుగు వారాలుగా ఈమె మాత్రం తన కోసమని ఒక్కటీ అడగలేదు. పల్లె జనం అందరి తరఫునా వచ్చి, మాకు మా బజారును చూపించింది. మొదటి వరుసలో కూసోవల్సిన మనిషి.”

అందరూ చప్పట్లు కొట్టారు. మల్లమ్మ సిగ్గుపడి కుర్చీలో ఒదిగిపోయింది. త్రివేణి కాగితం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లింది.

“మీ సంతకం ఇక్కడమ్మా. పక్కన మీ పొదుపు సంఘం పేరు రాయాలి. చెప్పండి, నేను రాస్తాను.”

“సంఘమా? నేను ఏ సంఘంలోనూ లేను తల్లీ.”

“మరి మా ఉత్తరం?”

“ఏం ఉత్తరం?”

త్రివేణి పెన్ను పక్కన పెట్టింది. “ఎవరూ పిలవకుండానే ప్రతివారం ఈ మీటింగుకు వచ్చారా?”

మల్లమ్మ సంచి చంకన పెట్టుకుని, తప్పు చేసినదానిలా లేచి నిలబడింది.

“బజారులో కూసుండేకి యాడా చోటు లేక, బస్సొచ్చేదాకా ఈడ కూసుంటాంటి తల్లీ.”