ఒకటి నుంచి ఐదు దాకా

'నేను శాంతస్వభావుణ్ణి.' కౌన్సెలర్ ఇచ్చిన ప్రశ్నావళిలో ఆ వాక్యం పక్కన ఒకటి నుంచి ఐదు దాకా అంకెలున్నాయి. ఐదంటే పూర్తిగా నిజం. ఐదుకు సున్న చుట్టాను.

మా ఇంట్లో బల్లకు ఎదురుగా కూర్చుని తన కాగితాలు నింపుకుంటున్న నా భార్య హిమజ అది చూసి నవ్వింది. "ఐదేనా? పాపం, ఆరు లేదు!"

నా చెయ్యి లేచింది. ఆమె కుర్చీతో సహా కింద పడింది. పెదవి చిట్లి నెత్తురు కారింది.

"ఎంత శాంతంగా కొట్టారండీ," అంది కింద నుంచే.

తర్వాతి వాక్యం చదివాను: 'నా భాగస్వామిని కొట్టిన సందర్భాలున్నాయి.' ఒకటికి సున్న చుట్టాను. ఒకటంటే అసలు నిజం కాదు.

హిమజ బల్ల పట్టుకుని లేచి, కాగితంలోకి చూసింది. "మరి ఇప్పుడు చేసిందేమిటి?"

"కొట్టడం వేరు. కోపంలో చెయ్యి చేసుకున్నాను, అంతే."

"చెయ్యి చేసుకున్నారు. ఆ మాటలో నా మొహం ఎక్కడుంది?"

వెతికాను. ఆ మాటలో చెయ్యి ఉంది, నేనున్నాను. ఆమె లేదు. తొమ్మిదేళ్లుగా నా శాంతమంతా ఆ మాట చాటునే బతికింది.

ఫోన్ కోసం జేబు వైపు చెయ్యి కదిపాను. హిమజ గోడ దాకా వెనక్కి జరిగి, మొహానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఇక్కడి అత్యవసర నంబరు, తొమ్మిదిని మూడుసార్లు నొక్కి, పోలీసులు కావాలని అడిగాను. "నా భార్యను కొట్టాను," అని, క్రోయిడన్‌లో మా ఫ్లాట్ చిరునామా చెప్పాను. హిమజను లోపల గడియ పెట్టుకొమ్మని చెప్పి, బయటి మెట్ల మీద కూర్చున్నాను.