దిగే దారి

ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కే మలుపు దగ్గర ఓ పెద్దాయన రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

పూల వ్యాను నడుపుతున్న ఆమె గట్టిగా బ్రేకు వేసింది. వెనక బుట్టలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

"ఏం పెద్దాయనా, ప్రాణం మీద తీపి లేదా?"

ఆయన నొచ్చుకున్నాడు. రోడ్డు చూస్తూ ఒళ్లు మరిచానన్నాడు. నగరంలో రైల్వే స్టేషను దగ్గర దించగలవా అని అడిగాడు.

పూలు వాడేలోగా ఆమె మార్కెట్టు చేరాలి. అయినా విసుక్కుంటూనే తలుపు తీసింది.

రోడ్డెక్కగానే ఆమె చిరాకు ఎగిరిపోయింది. ఈ రోడ్డు మాట ఎత్తితే ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు.

పాత దారి గుంతల్లో ఎగిరెగిరి, నగరం చేరేసరికి గులాబీలు సగం చెత్తకుప్పకే పోయేవని చెప్పింది. తోట పీకేసి ఎక్కడైనా కూలికి పోదామన్న మొగుడు, ఇప్పుడు పక్క పొలం కూడా కౌలుకు తీసుకున్నాడట. ఊరి మొదట్లో పూలు చల్లగా దాచే గోదాము లేచింది. ఆడపడుచుకు అందులోనే పని దొరికింది. వలస పోయినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మళ్లీ ఇళ్లకు సున్నాలు వేయించుకుంటున్నారు.

ఆయన కళ్లార్పకుండా వింటున్నాడు. ఆమె ఆగితే చాలు, "తర్వాత?" అంటున్నాడు.

"ఎప్పుడో రావలసిన రోడ్డు బాబాయ్ ఇది. ఎవడో మహానుభావుడు కోర్టుకెక్కి ఏళ్ల తరబడి ఆపేశాడు. నేను కాపురానికొచ్చేసరికే ఊళ్లో లేడు, మొహం చూసింది లేదు గానీ, కేసులాయన అనేవాళ్లం. మా ఆయన పొద్దున్నే ఆయన్ని తిట్టనిదే మంచినీళ్లు ముట్టేవాడు కాదు. ఆ తిట్లు పడలేకే ఇల్లమ్ముకుని ఊరొదిలి పోయాడంట."

"ఎందుకు వేశాడో కేసు?"

"ఏదో చెప్పబోయేవాడంటలే. వినే ఓపిక ఎవరికుంది?"

"నువ్వూ తిట్టావా అమ్మా?"

"తిట్టనా మరి? నోరారా తిట్టాను."

పెద్దాయన పడీపడీ నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు.

"పోనీలే తల్లీ, తోట బతికింది. అది చాలు."

స్టేషను దగ్గర దిగుతుంటే ఆమె ఓ గులాబీల కట్ట తీసి చేతిలో పెట్టింది. ఆయన మొహమాటపడుతూ పుచ్చుకుని జనంలో కలిసిపోయాడు.

తిరుగు ప్రయాణంలో, ఊరి దగ్గర రోడ్డు దిగుతుంటే ఆ రోడ్డు పనులు చూసే ఇంజినీరు చెయ్యెత్తి వ్యాను ఆపాడు. పొద్దున మీ బండెక్కిన సారు క్షేమంగా దిగారా అని అడిగాడు. జీపు పంపిస్తామంటే వద్దని, ఈ ఊరివాళ్ల బండిలోనే పోతానని ఆయన పట్టుబట్టాడట.

"ఎవరండీ ఆయన?"

ఇంజినీరు వింతగా చూశాడు.

"మీకు తెలీదా? మా మొదటి ప్లానులో ఈ రోడ్డు మీ ఊరి పక్కనుంచి ఆగకుండా పోయేది, ఎక్కడానికీ దిగడానికీ దారే లేదు. ఆ దారి వేసేదాకా పని సాగనివ్వనని కేసు వేసి, ఊరంతా తిట్టిపోసినా వెనక్కి తీసుకోనిది ఆయనొక్కడేనమ్మా."