సగం గోలీ

గురువారం ఉదయం తొమ్మిది గంటలకు మస్కట్‌లోని ఒక ఆసుపత్రిలో ముత్యాలు కుడి కాలును మోకాలి కింది వరకు తీసేశారు. అతను ఇబ్రహీంపట్నం నుంచి కూలి పనికి అక్కడికి వెళ్లి ఏడాది కూడా కాలేదు.

శనివారం తనే ఫోన్ చేసి భార్య శోభకు చెప్పాడు.

"కొత్త బూటు కరిచి పుండైంది. షుగర్ ఉన్నది గద, మానలె."

"గోలీలు ఏస్కుంటలేవా?"

"ఏస్కుంటున్న. రోజుకు సగం."



"సగమెందుకు? ఈడికెళ్లి పోయేటోళ్లతోని నెలనెలా పంపుతనే ఉన్న గద."

"అవి అయిపోతే ఈడ కొనాలె. డాక్టర్ తాన్కి పోతేనే రెండు రోజుల కూలి పోతది. వీసాకు తెచ్చిన అప్పు తీరేదాక ఎంత మిగిలితే అంత అనుకున్న."

"గట్ల మిగిలిచ్చుడేంది?"

"ఫికర్ జెయ్యకు. నువ్వు పంపినయి డబ్బ నిండ ఉన్నయి. ఇగ బూట్ల ఖర్చు గూడ సగమే."

శోభ నవ్వలేదు. జర అన్నం తినమని చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఊళ్లోని సర్కారు దవాఖానలో షుగర్ ఉన్నవాళ్లకు నెలకు సరిపడా మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఊళ్లో లేని మనిషి పేరున ఇవ్వరు.

శోభకూ షుగర్ ఉంది. ముత్యాలుకు పంపినవన్నీ ఆమె వేసుకోవలసిన మాత్రలు. అతను వెళ్లినప్పటి నుంచి ఆమె ఒక్కటీ వేసుకోలేదు.

కొద్ది నెలలుగా ఆమె చూపు మసకబారుతోంది. సోమవారం ఉదయం హయత్‌నగర్‌లో ఒక కంటి డాక్టర్ ఆమెను పరీక్షిస్తాడు.