మరిది సంతకం

రవాణా ఆఫీసు గోడ పక్కన కనకయ్య గొడుగు వేసుకుని కూర్చుంటాడు. ఒకప్పుడు బండి కాగితాల బ్రోకరు. ఇప్పుడు ఇళ్లు, బళ్లు, బస్టాండ్లు కూడా నోరు తెరిచి రూల్సు చెబుతున్నాయి కనుక, అవి చెప్పినదాన్ని సర్కారు పుస్తకంతో సరిచూడటం ఆయన పని.

ఆ పొద్దున సుగుణ వచ్చింది. భర్త పోయి నెలైంది. ఆయన ఆటో ఆమె పేరుకు మారేదాకా ఎంత తాళం తిప్పినా కదలదు.

"మా మరిది సంతకం ఉండాల్నంట కాకా. వాడేమో ఆటో తనకే గావాలంటున్నడు."

"ఎవలు చెప్పిండ్రు బిడ్డా?"

"మా ఇల్లు చెప్పింది. ఆటో చెప్పింది. బస్టాండు గూడ గదే చెప్పింది."

కనకయ్య పుస్తకం తెరిచి, ఆమె వేలిని ఆ వరుస మీద పెట్టించి చదివాడు. భార్య సంతకం చాలు. మరిది ఊసే లేదు. ఆమె ఆ పేజీ నకలు పట్టుకుని కౌంటరుకు వెళ్లింది. గంటలో ఆటో తోలుకుంటూ పోయింది.

మరి వీటన్నిటికీ ఆ మరిది సంతకం మాట ఎక్కడిది? కనకయ్య తన ఫోనును అడిగాడు.

"కనకయ్య కన్సల్టెన్సీ వారి కరపత్రం."

ముప్పై ఏళ్ల కిందట, లేని సంతకం ఒకటి కల్పిస్తే జనం తన దగ్గరికే వస్తారని తానే అచ్చు వేయించిన కాగితం.

"అది తప్పు. తీసెయ్. నేనే కనకయ్యను, చెప్తున్న."

"క్షమించండి," అంది ఫోను. "మీరు చెప్పేది కనకయ్య గారు చెప్పినదానికి విరుద్ధంగా ఉంది."