అడ్డగీత సున్నా

మూడు నెలల ప్రసూతి సెలవు ముగించుకుని సాయిదుర్గ ఆఫీసుకొచ్చేసరికి ఆమె కుర్చీలో సత్యదేవ్ కూర్చుని ఉన్నాడు.

"నీ మంచికేనమ్మా," అన్నాడు మేనేజరు రామ్మోహనరావు. ఆయన ఎవరికి చెడు చెయ్యాలన్నా ఈ మాటతోనే మొదలుపెడతాడు. "చంటిపిల్ల తల్లివి. ప్రోగ్రాములూ, డెడ్‌లైన్లూ నీకెందుకు? రికార్డు గది చూసుకో. లైట్ వర్క్. ఒక్క క్వార్టరే, మూణ్ణెల్లు."

"షిఫ్టు ప్రోగ్రాంకి లీడ్ నేను కదా సార్..."

"ఒక్క క్వార్టరే," అంటూ ఆయన ఫోనెత్తాడు. ఫోను మోగలేదు.

మానేసి ఇంకోచోట చేరదామంటే, సికింద్రాబాదులో సందుకొకటి చొప్పున లేచిన సాఫ్ట్‌వేర్ బోర్డులు ఆ ఏడాదే ఒక్కొక్కటీ దిగుతున్నాయి. భర్త సూరిని వాళ్ల కంపెనీ అప్పటికే 'బెంచి' మీద కూర్చోబెట్టింది. అంటే పని లేదు, ఇంకా పొమ్మనలేదు. అల్వాల్ ఇంట్లో రాజీనామా అన్న మాట ఎత్తితే చాలు, అత్తగారు గంగాదేవి ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసేది. పిల్లకి కాదు, ఉద్యోగానికి.

రికార్డు గదికి కిటికీ లేదు. పద్నాలుగు రాకులూ, కమలాబాయీ ఉన్నారు. రాకులతోపాటే ఆవిడనీ కొన్నారని ఆఫీసులో జోకు.

"నీకు సుత క్వార్టరేనా, బిడ్డా?" అంది కమలాబాయి.

"అవును. మీకెలా తెలుసు?"

ఆవిడ నవ్వి, స్టూలు మీద దుమ్ము దులిపి ముందుకు జరిపింది.

పదకొండింటికి సాయిదుర్గకి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసేది. కమలాబాయి అడక్కుండానే లేచేది.

"గొళ్లెం పెట్టుకో. నేను తలుపు కాడ కూసుంట. మేనేజరొస్తే ఫైలు దొర్కుతలేదని చెప్త."

సాయిదుర్గకి ఆవిడంటే జాలి. జాలికి ఖర్చు లేదు గనక రోజూ పడేది. ముఖ్యంగా ఆవిడ రాత చూసి. రిజిస్టరులో ఏ సున్నా రాసినా వెంటనే దాని మీద అడ్డంగా గీత కొట్టేసేది.

"పాపం, సున్నా కూడా తిన్నగా రాయడం రాదు. రాసిందల్లా కొట్టేసుకుంటుంది," అని సూరికి చెప్పి నవ్వింది. సూరి కూడా తీరిగ్గా నవ్వాడు.

ఒక సోమవారం రామ్మోహనరావు స్వయంగా రికార్డు గదికి దిగొచ్చాడు.

మౌలాలి ఫ్యాక్టరీ వాళ్ల షిఫ్టు ప్రోగ్రాం మొరాయించింది. నెలాఖరు రాత్రి డ్యూటీ చేసినవాళ్లనందర్నీ ఆబ్సెంట్ అంటోంది. ఇరవై రెండేళ్లుగా తుమ్మని, వై టూ కే నాడు కూడా దగ్గని ప్రోగ్రాం సత్యదేవ్ చెయ్యి పడి నెలాఖరు లెక్క చెరిగిపోగానే మంచమెక్కింది. దానికి వేరే కాపీ లేదు.

"దాన్ని మొదట రాసిన మహానుభావుడెవరో గానీ, ఆయన కాయితాలు ఇక్కడే ఉండాలి. శుక్రవారం అయిదింటిలోగా వెతికి సరిచెయ్యి, నీ కుర్చీ నీకిచ్చేస్తా. లేదా, ఫ్యాక్టరీ వాళ్లు వేరే కంపెనీకి పోతారు."

"మరి సత్యదేవ్ సార్?"

"అతని మంచికి ఏదో ఒకటి చూస్తాలే."

గురువారానికి ఫ్యాక్టరీల ఫైళ్లున్న ఆరు రాకులూ వెతకడం అయింది. దుమ్ముకి ఆమె జుట్టు నెరిసినట్టు కనిపించింది.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా? గింత పరేషాన్ ఎందుకు? ఆ షిఫ్టు ప్రోగ్రాం సంగతి జెర నేను..."

"మీకు తెలీదులెండి. అది కంప్యూటర్ విషయం."

"గట్లనా," అంది కమలాబాయి. మళ్లీ దుమ్ము దులుపుకుంది.

శుక్రవారం నాలుగింటికి ఆవిడ రిటైర్మెంటు. మనిషికి రెండు సమోసాలు, ఆవిడకి ఒక గోడ గడియారం. "ఈవిడ ఉండగా ఒక్క కాయితం పోలేదు," అని రామ్మోహనరావు సమోసా చల్లారకుండా ప్రసంగం ముగించాడు.

వెళ్తూ వెళ్తూ కమలాబాయి ఒక చీటీ సాయిదుర్గ చేతిలో పెట్టింది.

"నీకు కావల్సింది గీడున్నది."

రాక్ 10, కట్ట 40. రెండు సున్నాల మీదా అడ్డగీతలు.

ఆవిడ రాత సాయిదుర్గకి అలవాటే. కొట్టేసిన సున్నాలు వదిలేసి, ఒకటో రాకులో నాలుగో కట్ట విప్పింది.

పాత క్యాంటీన్ టోకెన్లు.

అడుగు దాకా విప్పింది. అడుగు దాకా టోకెన్లే. పరుగెత్తి గేటు దాకా వెళ్లి చూసింది. కమలాబాయి గడియారం పట్టుకుని బస్సెక్కేసిందన్నాడు వాచ్‌మన్.

అయిదైంది.

సోమవారానికి ఫ్యాక్టరీ చెయ్యి జారింది. ప్రోగ్రామే లేదు గనక దానికి లీడూ లేదు. సత్యదేవ్‌కి ఇంకో ప్రోగ్రాం ఇచ్చారు. సాయిదుర్గకి కమలాబాయి తాళాల గుత్తి ఇచ్చారు.

"ఇంకొక్క క్వార్టరే," అన్నాడు రామ్మోహనరావు. "ముందు ఆవిడ ఫైలు పదో రాకులో పడెయ్. రిటైరైనవాళ్లంతా అందులోనే."

పదో రాకులో నలభయ్యో కట్ట ఉంది.

సాయిదుర్గ చేతిలోని ఫైలు పక్కన పెట్టింది. కట్ట విప్పింది.

గళ్ల కాయితాలు. గడికొక అక్షరం చొప్పున పెన్సిలుతో రాసిన షిఫ్టు ప్రోగ్రాం, 1979. నెలాఖరు రాత్రి లెక్క నాలుగే నాలుగు లైన్లలో ఉంది. మొదటి కాయితం నెత్తిన ఒక సూచన: 'కంప్యూటర్ కార్డులు పంచ్ చేసేవారు ఇంగ్లీషు ఓ (O) అక్షరమని పొరబడకుండా, ప్రతి సున్నాకీ అడ్డగీత కొట్టడమైనది.'

కట్ట అడుగున, తుప్పు పట్టిన గుండుసూదితో గుచ్చిన మరుసటేటి ఆఫీసు ఆర్డరు ఉంది: 'షిఫ్టు ప్రోగ్రాం రచించిన ప్రోగ్రామరు శ్రీమతి కమలాబాయి ప్రసూతి సెలవు నుంచి తిరిగి వచ్చినందున, ఆమె మంచి కోరి, తాత్కాలికంగా ఒక్క క్వార్టరు పాటు రికార్డు గదిలో లైట్ వర్క్.'